తడితే వెలిగే మీటర్: మొత్తం మార్చాలా, బాగు చేయొచ్చా?

ప్రశ్న: మా కారుకి 25 ఏళ్లు దాటాయి. మీటర్ పూర్తిగా డిజిటల్, ముళ్లు లేవు, నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో అంకెలు వెలుగుతాయి. పొద్దున బాగానే ఉంటుంది. ఎండలో ఆపి మళ్లీ తీసినా, ఓ అరగంట నడిపినా అంకెలు మసకబారుతూ చివరికి మొత్తం ఆరిపోతుంది. డాష్‌బోర్డ్ మీద అరచేత్తో ఒకటి వేస్తే మళ్లీ వస్తుంది, ఈ మధ్య దానికీ లొంగట్లేదు. 80లో వెళ్తుంటే 60 అని చూపించిన సందర్భాలూ ఉన్నాయి. మెకానిక్ మీటర్ మొత్తం మార్చాలన్నాడు. కొత్తది ఎక్కడా దొరకట్లేదు, ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌ది ఒకటి ఉంది. ఒక వీడియోలో అయితే బోర్డు విప్పి ఓవెన్‌లో పెట్టమన్నారు. నాకు సోల్డరింగ్ కొంచెం వచ్చు. ఏం చేయమంటారు? అప్పటిదాకా కారు నడపొచ్చా?

సమాధానం: ముందు ఓవెన్ సంగతి తేల్చేద్దాం. పెట్టకండి. ఆ కాలం బోర్డుల మీద వాడిన తగరం, సీసం కలిసిన సోల్డర్, అంటే పిన్నుల్ని బోర్డుకి అతికించే లోహం, కరగాలంటే దాదాపు 183 డిగ్రీలు కావాలి. అంత వేడికి ప్లాస్టిక్ కనెక్టర్లు వంకర్లు పోతాయి, చార్జ్ నిల్వ చేసే కెపాసిటర్లు ఉబ్బుతాయి. పోనీ తక్కువ వేడిలో పెడదామంటే సోల్డర్ కరగదు, కరగకపోతే అతుకులో వచ్చిన పగులు పూడదు. వేడికి బోర్డు కాస్త సాగి, విడిపోయిన చోట మళ్లీ ఆనుకుంటే మీటర్ కొన్నాళ్లు వెలుగుతుంది, వీడియో తీసినవాళ్లకి ఆ కొన్నాళ్లు చాలు.

సెకండ్ హ్యాండ్ మీటర్ కూడా ఇప్పుడే కొనకండి, ఎందుకో తర్వాత చెప్తాను. మీ మెకానిక్‌ని తప్పుపట్టను. ఇంజన్, బ్రేకులు చూసే మనిషికి బోర్డు విప్పి ఒక్కో పిన్ను వెతికే పని అలవాటుండదు, పాడైన పార్టు తీసి ఇంకోటి బిగించడం ఆయన పద్ధతి. కానీ మీ ఉత్తరం చదివితే జబ్బు ఏమిటో సగం అందులోనే ఉంది. వేడెక్కితే పోతోంది, తడితే వస్తోంది. అంటే లోపల ఏదీ పూర్తిగా చచ్చిపోలేదు, ఎక్కడో ఒక అతుకు వదులైంది. నిజంగా చిప్ కాలిపోతే మీరు ఎంత గట్టిగా చరిచినా అది లేచి రాదు.

ఎండలో నిలబెట్టిన కారులో డాష్‌బోర్డ్ పైభాగం 70 డిగ్రీల దాకా వెళ్తుంది. రాత్రికి చల్లబడుతుంది. వేడికి రాగి, సోల్డర్, బోర్డు అన్నీ ఒకే లెక్కన సాగవు, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, ఆ లాగుడంతా పిన్ను చుట్టూ ఉన్న సోల్డర్ మీదే పడుతుంది. దానికి తోడు రోడ్డు కుదుపులు. రోజూ ఇదే తంతు పాతికేళ్లు జరిగితే అతుకు పగలడంలో వింతేముంది, ఇన్నాళ్లు ఆగడమే గొప్ప.

మీరు చెప్పిన రంగును బట్టి మీ డిస్‌ప్లే వాక్యూమ్ ఫ్లోరసెంట్ రకం, వీఎఫ్‌డీ అంటారు. 1960ల చివర్లో జపాన్‌లో పుట్టింది, పాత వీడియో ప్లేయర్లు, మైక్రోవేవ్ ఓవెన్ల గడియారాల్లో వెలిగే అంకెలు ఇవే. గాలి తీసేసిన చదునైన గాజు గొట్టం, అందులో జుట్టు కంటే సన్నటి ఫిలమెంట్ తీగలు, వాటి వెనక ఫాస్ఫర్ పూసిన అంకెల ముక్కలు. ఫిలమెంట్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు తగిలిన ముక్క వెలుగుతుంది. దీనికి కారు బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు చాలవు, సాధారణంగా 20 నుంచి 50 వోల్టుల మధ్య కావాలి. అందుకే మీటర్ లోపల వోల్టేజ్ పెంచే చిన్న పవర్ సప్లై ఉంటుంది. మొత్తం డిస్‌ప్లే ఒకేసారి మసకబారి ఆరిపోతోందంటే నా అనుమానం అంతా దాని మీదే. అంకెలు ఒక్కొక్కటిగా పోతుంటే వేరే చోట వెతకమనేవాణ్ణి.

80 బదులు 60 కనిపించడం మాత్రం ఇంకో గుర్తు. ఏడు గీతల అంకెలో 8కి కుడివైపు పైగీత ఒక్కటి పోతే అది 6 అయి కూర్చుంటుంది. 9కి ఎడమవైపు పైగీత పోతే 3 అవుతుంది, అంటే మీరు 90లో ఉన్నా మీటర్ 30 అంటుంది. ఇందులో ప్రమాదం ఏమిటంటే ఆరిపోయిన మీటర్‌ని ఎవరూ నమ్మరు, శుభ్రంగా 60 అని చూపించే మీటర్‌ని మాత్రం నమ్మేస్తాం. ఎప్పుడూ అదే గీత పోతోందా, రకరకాల గీతలు పోతున్నాయా గమనించండి. ఎప్పుడూ అదే అయితే ఆ గాజు గొట్టం కాళ్లలో ఒకటి గానీ, దాన్ని నడిపే చిప్ కాళ్లలో ఒకటి గానీ సోల్డర్ వదిలి ఉంటుంది. రకరకాలుగా పోతుంటే పవర్ సప్లై నీరసంగా ఉండి వయసైన గీతలు ముందు పడిపోతున్నాయని అర్థం. ఇది చూడటానికి సులువైన మార్గం ఒకటుంది. చాలా డిజిటల్ మీటర్లు తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు అన్ని గీతలనీ ఒకేసారి వెలిగిస్తాయి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి ఫోన్‌లో వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఫోన్ తెర మీద అంకెలు మినుకుమినుకుమంటే కంగారు పడొద్దు, చాలా డిస్‌ప్లేలు అంకెల్ని వేగంగా వంతులవారీగా వెలిగిస్తాయి, కంటికి తెలియదు గానీ కెమెరా పట్టేస్తుంది.

ఇక స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు బయట నుంచి చూడాల్సినవి చూసేయండి. డాష్‌బోర్డ్ వెలుతురు తగ్గించే డిమ్మర్ చక్రం ఎవరైనా కిందికి తిప్పేశారేమో చూడండి, నవ్వకండి, హెడ్‌లైట్లు వేయగానే చాలా కార్లలో డిస్‌ప్లే తనంతట తాను మసకబడుతుంది, డిమ్మర్ కూడా కిందే ఉంటే పగటి వెలుతురులో అసలు కనిపించదు. తర్వాత బ్యాటరీ వోల్టేజ్. ఇంజన్ ఆపి కాసేపయ్యాక 12.6 దగ్గర, ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 దాకా ఉంటే మంచిదే. ఫ్యూజ్‌లు చూడండి, మీటర్‌కి మామూలుగా రెండు సప్లైలు ఉంటాయి, ఒకటి ఎప్పుడూ ఉండేది, ఇంకోటి తాళం తిప్పితే వచ్చేది. ఫ్యూజ్ బాగానే ఉన్నా దాని కాళ్లకి పచ్చగా చిలుము పట్టి ఉంటే తీసి శుభ్రం చేసి పెట్టండి.

ఎర్త్, అంటే కరెంట్ కారు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి, దాని గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను, ఎందుకంటే పాత కార్ల ఎలక్ట్రికల్ జబ్బుల్లో చాలావాటికి మూలం అదే, అయినా అందరూ దాన్ని చివర్లో చూస్తారు. డిస్‌ప్లే ఆరిపోయి ఉన్న సమయంలో, ఇంజన్ నడుస్తుండగా, వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒక కొనని మీటర్ వెనక ఎర్త్ వైరుకి, ఇంకో కొనని బ్యాటరీ నెగటివ్‌కి పెట్టండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఆ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు ఉంది. అది గీకి బిగిస్తే ఒక్కోసారి మీటర్ విప్పే పనే ఉండదు. అలాగే మీటర్‌కి వచ్చే సప్లై కూడా అదే సమయంలో కొలవండి. డిస్‌ప్లే ఆరిపోయి ఉంది, సప్లై, ఎర్త్ రెండూ సరిగా ఉన్నాయి అంటే తప్పు మీటర్ లోపలే. ఈ ఒక్క ముక్క తేలకుండా మీటర్ కొన్నవాళ్లు కొత్తది బిగించాక అదే జబ్బు చూసి తల పట్టుకుంటారు.

లోపలే అని తేలింది అనుకుందాం. మీ కారుకి రేడియో కోడ్ ఉంటే ముందు రాసి పెట్టుకోండి, బ్యాటరీ తీస్తే అది అడుగుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం 10 నిమిషాలు ఆగండి, మీ కారు మాన్యువల్ ఇంకా ఎక్కువసేపు ఆగమంటే అంతా ఆగండి, ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో బ్యాటరీ తీశాక కూడా కొంతసేపు చార్జ్ నిలిచి ఉంటుంది. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లొద్దు, మల్టీమీటర్ అసలే పెట్టొద్దు. ఇంకో సంగతి, మీటర్ కనెక్టర్లు ఊడదీసి ఉండగా తాళం తిప్పొద్దు. ఎయిర్‌బ్యాగ్ లైటు మీటర్‌లోనే ఉంటుంది కాబట్టి, అది కనిపించకపోతే చాలా కార్లు తప్పు కోడ్ రాసేసుకుంటాయి, తర్వాత మీటర్ పెట్టినా ఆ లైటు ఆరదు, స్కానర్‌తో చెరపాల్సి వస్తుంది.

విప్పడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. స్టీరింగ్ కిందికి దించి, దాని మీద గుడ్డ కప్పి, పాత ప్లాస్టిక్ క్లిప్పుల్ని ఓపిగ్గా వదిలించండి. చలిలో ఆ ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, కారు కాస్త వెచ్చగా ఉన్నప్పుడు చేయండి. ప్రతి కనెక్టర్‌కి ఫొటో తీయండి.

మీటర్ బయటికి వచ్చాక ముందు వెనక కనెక్టర్ పిన్నులు చూడండి, కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు వద్దు, వాటి జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది. తర్వాత వెనక మూత తీసి, చేత్తో ఏదైనా లోహపు వస్తువు తాకి ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంట్ వదిలించుకుని, బోర్డుని మంచి వెలుతురులో పట్టుకుని భూతద్దం పెట్టండి. కనెక్టర్ పిన్నులు, బరువైన కాయిల్, ట్రాన్స్‌ఫార్మర్, వేడెక్కే రెగ్యులేటర్, గాజు గొట్టం కాళ్లు, ఈ చోట్లే ముందు చూడాలి. బాగున్న అతుకు మెరుస్తూ, పిన్ను చుట్టూ నున్నగా వాలి ఉంటుంది. పగిలిన అతుకులో పిన్ను చుట్టూ కాటుక గీసినట్టు సన్నటి నల్ల వలయం కనిపిస్తుంది. వెలుతురు ఒక పక్క నుంచి పడేలా బోర్డుని కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటే ఆ వలయం ఒక కోణంలో మాయమై ఇంకో కోణంలో తేలుతుంది, నిటారుగా చూస్తే దొరకదు. అలాంటిది ఒకటి కనపడిందంటే పక్కన ఇంకో నాలుగు ఉంటాయని అనుకోండి, ఆ వరుస మొత్తం చేసేయండి.

చాలామంది ఇస్త్రీ పెట్టె అంటించినట్టు పాత సోల్డర్‌నే మళ్లీ కరిగించి వదిలేస్తారు. కొన్ని నెలలకి అదే చోట మళ్లీ పగులుతుంది, ఎందుకంటే ఆ పాత సోల్డర్ అప్పటికే మలినం పట్టి ఉంటుంది. సోల్డర్ పీల్చే రాగి అల్లిక పట్టీతో పాతది తీసేసి, సోల్డర్ బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ రాసి, కొత్త సోల్డర్ పెట్టండి. ఎలక్ట్రానిక్స్‌కి వాడే రోజిన్ ఫ్లక్సే వాడండి, పైపులకి వాడే యాసిడ్ ఫ్లక్స్ పెడితే రాగి గీతల్ని తినేస్తుంది. ఐరన్ కొన 350 డిగ్రీల దగ్గర పెట్టి రెండు మూడు సెకన్లలో పని ముగించాలి, అక్కడే ఆనించి ఉంచితే బోర్డు మీది రాగి గీత పెచ్చు లేస్తుంది. మీకు సోల్డరింగ్ కొంచెం వచ్చన్నారు, ఆ కొంచెం ఎంతో నాకు తెలియదు కాబట్టి ముందు ఏదైనా పాడైన రేడియో బోర్డు మీద చేయి తిప్పండి.

ఇప్పుడు కెపాసిటర్లు. వేడెక్కాక మసకబారే జబ్బులో అతుకుల తర్వాత దోషులు ఇవే, మీ మీటర్‌లో రెండూ కలిసే ఉండొచ్చని నా అంచనా. పవర్ సప్లై దగ్గర ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండిపోతుంది లేదా కిందికి కారుతుంది. పనిచేసే చోటి వేడి 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందనేది ఈ పనిలో అందరూ వాడే లెక్క, ఇక డాష్‌బోర్డ్ లోపల బతికినవాటి సంగతి మీరే ఊహించుకోండి. పైన ఉబ్బి ఉన్నా, అడుగున గోధుమరంగు మరక ఉన్నా మార్చేయాలి. కారినదాన్ని ఐరన్‌తో వేడి చేయగానే చేపల వాసన కొడుతుంది, ఆ వాసన వచ్చిందంటే ఇంక అనుమానం అక్కర్లేదు, కింద రాగి గీతలు కూడా తినేసి ఉన్నాయేమో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి. పైకి బాగానే కనిపించినా 25 ఏళ్లవి ఉంచే అర్థం లేదు, ఎలాగూ విప్పారు, పవర్ సప్లై చుట్టూ ఉన్నవన్నీ మార్చేయండి. 105 డిగ్రీల రకమే తీసుకోండి, 85వి చవగ్గా దొరుకుతాయి గానీ ఈ చోటికి పనికిరావు. కెపాసిటెన్స్ అదే ఉండాలి, వోల్టేజ్ అంతే లేదా కొంచెం ఎక్కువ, అంటే 25 వోల్టులది ఉన్నచోట 35 పెట్టొచ్చు, 16 పెట్టకూడదు. ఎత్తు కూడా చూసుకోండి, పొడుగుది పెడితే మూత పట్టదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మీద గీత ఉన్నవైపు నెగటివ్. చిన్న పెట్టెల్లా కనిపించే టాంటలమ్ కెపాసిటర్ మీద గీత ఉన్నవైపు పాజిటివ్. ఒకే బోర్డు మీద రెండు రకాలూ ఉంటాయి. టాంటలమ్ తిరగేసి పెడితే నిప్పు రవ్వలతో పగులుతుంది, కాబట్టి తీసే ముందు దగ్గరగా ఫొటో తీసుకోండి. బోర్డుకి అతుక్కుని ఉండే చిన్న కెపాసిటర్లని పట్టకారుతో మెలితిప్పి పీకే పద్ధతి చూపిస్తారు, చేయి తిరిగినవాళ్లకి కుదురుతుందేమో, అలవాటు లేని చేతికి దానితో పాటు రాగి కూడా ఊడి వస్తుంది.

ఇవన్నీ చేసే ముందు గాజు గొట్టం బతికి ఉందో లేదో ఒక్కసారి చూసుకోండి, లేకపోతే శ్రమంతా వృథా. గొట్టం లోపల ఒక మూలన గాజుకి అంటుకుని వెండి రంగు మచ్చ ఉంటుంది, అద్దంలా మెరుస్తుంది. తయారీలో మిగిలిపోయిన గాలిని పీల్చుకోవడానికి పెట్టిన లోహపు పూత అది. ఆ మచ్చ మెరుస్తూ ఉంటే గొట్టం లోపల శూన్యం భద్రంగా ఉన్నట్టు. పాలలా తెల్లబడి ఉంటే గాలి లోపలికి పోయింది, ఆ గొట్టం ఇక వెలగదు, దేనితోనూ బాగు కాదు. మీది పొద్దున పూట శుభ్రంగా వెలుగుతోంది కాబట్టి మీకు ఆ భయం లేదు. ఇంకో పరీక్ష చీకట్లో చేయొచ్చు. డిస్‌ప్లే ఆరిపోయినప్పుడు గొట్టంలోకి ఏటవాలుగా చూడండి, అడ్డంగా సాగిన తీగలు కనిపించీ కనిపించనట్టు ఎర్రగా ఉంటే ఫిలమెంట్‌కి కరెంట్ అందుతోంది, పోయింది ఎక్కువ వోల్టేజ్ వైపు. ఎరుపు కనపడకపోతే మాత్రం దాన్ని బట్టి ఏమీ తేల్చొద్దు, బాగున్న గొట్టంలో కూడా చాలాసార్లు అది కంటికి ఆనదు.

అతుకు కంటితో దొరక్కపోతే మీటర్‌ని కారు కనెక్టర్లకి తగిలించి, వెనక మూత లేకుండా, బోర్డు ఏ లోహానికీ తగలకుండా గుడ్డ మీద పెట్టి వెలిగించండి. దానికి బ్యాటరీ కలపాలి కాబట్టి కనెక్టర్లన్నీ ముందే తగిలించి ఉండాలి. హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి కాసేపు వెచ్చబెట్టండి. డిస్‌ప్లే మసకబారగానే ప్లాస్టిక్ పెన్ను వెనక భాగంతో ఒక్కో భాగాన్ని మెల్లగా నొక్కుతూ పోండి. ఎక్కడ నొక్కితే వెలుగు తిరిగి వస్తుందో తప్పు దాని చుట్టూ ఓ అంగుళం లోపలే ఉంటుంది. లోహపు పరికరం వాడొద్దు, ఆ 50 వోల్టుల లోపు కరెంట్ మీకు పెద్ద ముప్పు కాకపోయినా, కొన జారి పక్క పిన్నుకి తగిలితే దొరకని చిప్ ఒకటి పోతుంది.

ఇది చదివే మిగతావాళ్లలో ఎల్‌సీడీ డిస్‌ప్లే ఉన్నవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకి జబ్బు వేరు. అక్షరాల్లో నిలువు గీతలు, అడ్డ గీతలు మాయమవుతుంటే గాజునీ బోర్డునీ కలిపే పల్చటి రిబ్బన్ ఊడుతోందని అర్థం. అది సోల్డర్ కాదు, వేడితో అంటించిన జిగురు అతుకు, ఏళ్లకి వదిలేస్తుంది. బీఎండబ్ల్యూ ఈ38, ఈ39, సాబ్ 9-5 లాంటి కార్ల యజమానులకి ఇది బాగా తెలిసిన తలనొప్పి. పాత రిబ్బన్‌నే మళ్లీ వేడిచేసి నొక్కడం కంటే కొత్త రిబ్బన్ వేయించడం మేలు, ఆ పని ఇంట్లో కుదరదు, సరైన ఒత్తిడీ వేడీ ఇచ్చే ప్రెస్ ఉన్నవాళ్ల దగ్గరికే పంపండి. కొన్నిటిలో రిబ్బన్ బదులు నలుపు, తెలుపు చారల రబ్బరు ముక్క ఉంటుంది, దాన్ని మాత్రం మీరే ఆల్కహాల్‌తో తుడిచి పెట్టుకోవచ్చు. గాజు మధ్యలో సిరా ఒలికినట్టు నల్ల మచ్చ పాకుతుంటే ఆ గాజు అయిపోయింది, మార్చడమే. ఎల్‌సీడీ వెనక సన్నటి ట్యూబ్‌లైట్ రకం బ్యాక్‌లైట్ ఉంటే అక్కడ వందల వోల్టులుంటాయి, కరెంట్ ఉండగా చేయి పెట్టొద్దు.

సరే, సెకండ్ హ్యాండ్ మీటర్. అది కూడా మీ దాని వయసుదే, అదే ఎండలో అదే కుదుపుల్లో పెరిగింది, లోపల అవే కెపాసిటర్లు. అమ్మేవాళ్లు టేబుల్ మీద రెండు నిమిషాలు వెలిగించి చూపిస్తారు, మీది కూడా మొదటి రెండు నిమిషాలు వెలుగుతోంది కదా. పైగా కారు ఎంత తిరిగిందో ఆ లెక్క చాలా డిజిటల్ మీటర్లలో లోపలున్న చిన్న మెమరీ చిప్‌లో ఉంటుంది, 93సీ46, 24సీ02 లాంటి ఎనిమిది కాళ్ల చిప్‌లు. వేరే కారు మీటర్ పెడితే ఆ కారు తిరిగిన లెక్క మీ కారుకి వచ్చేస్తుంది. అమ్మేటప్పుడు అది మోసం కింద చూస్తారు, ఓడోమీటర్ తారుమారు చేయడం చాలా దేశాల్లో నేరం. 1990ల రెండో సగం నుంచి వచ్చిన కొన్ని కార్లలో, ముఖ్యంగా ఫోక్స్‌వాగన్ గ్రూపు కార్లలో, దొంగతనం ఆపే ఇమ్మొబిలైజర్ కూడా మీటర్‌లోనే ఉంటుంది. అలాంటి కారులో మీటర్ మార్చేస్తే ఇంజన్ స్టార్ట్ అయి ఒకటి రెండు సెకన్లకే ఆగిపోతుంది. మీ గాజు గొట్టం నిజంగా చచ్చిపోతే అప్పుడు ఆ మీటర్ కొనండి, అందులోని గొట్టం తీసి మీ బోర్డుకి వేసుకోవడానికి. అప్పుడు లెక్కా మారదు, ఇమ్మొబిలైజరూ అడ్డురాదు.

మీరే చేయాలా, ఇంకొకరికి ఇవ్వాలా అంటే, అతుకులు కనెక్టర్ పిన్నుల దగ్గరే దొరికితే మీరే చేసేయండి. చిప్ కాళ్ల దగ్గర పని ఉంటే ఇచ్చేయండి. కార్ల మీటర్లే ప్రత్యేకంగా చేసేవాళ్లు దొరికితే మంచిది, దొరక్కపోతే పాత ఆంప్లిఫయర్లు, టీవీలు బోర్డు స్థాయిలో బాగు చేసే మనిషి కూడా బాగా చేస్తాడు, అతనికి వీఎఫ్‌డీ కొత్తేం కాదు. ఇచ్చేముందు ఒక్కటే అడగండి: బాగు చేశాక వేడి మీద ఎంతసేపు నడిపి చూస్తారు? మీ జబ్బు అరగంట తర్వాత వచ్చేది కాబట్టి చల్లగా వెలిగించి ఇచ్చేస్తే అది రిపేరు కాదు. ఇచ్చే రోజు ఓడోమీటర్ అంకె ఫొటో తీసి ఉంచుకోండి.

అప్పటిదాకా నడపడం గురించి. ఆరిపోయిన మీటర్‌తో వెళ్లొద్దు అంటాను, వేగం కోసం కాదు, వేగం ఫోన్ జీపీఎస్ చూపిస్తుంది. ఇంజన్ వేడి, ఆయిల్ ప్రెషర్, బ్రేక్ హెచ్చరికలు కనపడకపోతే మాత్రం ఇంజన్ పోయేదాకా మీకు తెలియదు. కొన్ని డిజిటల్ మీటర్లలో ఈ హెచ్చరిక లైట్లు డిస్‌ప్లేతో సంబంధం లేని విడి బల్బులు. డిస్‌ప్లే ఆరిపోయి ఉన్నప్పుడు తాళం తిప్పి చూడండి, ఆయిల్, బ్యాటరీ, బ్రేక్ లైట్లు వెలిగి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరితే మీవి విడివే, అవసరానికి దగ్గర దూరాలు వెళ్లొచ్చు. మీ కారుకి ఓబీడీ-2 సాకెట్, అంటే మెకానిక్ స్కానర్ తగిలించే చోటు, ఉంటే చిన్న అడాప్టర్ పెట్టి ఫోన్‌లోనే వేగం, ఇంజన్ వేడి చూసుకోవచ్చు, అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచి అది తప్పనిసరి కాబట్టి మీ కారు ఏ మార్కెట్‌దో చూసుకోండి. డాష్‌బోర్డ్ మీద చరచడం మాత్రం ఈ రోజే ఆపేయండి. పగిలిన అతుకు ప్రతి దెబ్బకీ ఇంకొంచెం విడిపోతుంది, పైగా పక్కనున్న బాగున్న అతుకుల్ని కూడా కదిలిస్తున్నారు, ఈ మధ్య దెబ్బకి లొంగకపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు.

పని అయ్యాక అన్ని స్క్రూలూ బిగించే ముందు కనెక్టర్లు తగిలించి, బ్యాటరీ కలిపి, ప్రతి ఇండికేటర్, హై బీమ్, హ్యాండ్ బ్రేక్ లైటు, ఫ్యూయల్ చూసుకోండి, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరుతోందో లేదో చూడండి. తర్వాత ఎండలో కారు అద్దాలు మూసి ఓ గంట పెట్టి మళ్లీ వెలిగించండి. అప్పుడూ అంకెలు నిలబడితే స్క్రూలు బిగించేయండి. మసకబారితే మూత తీసి పెన్ను వెనక భాగంతో మళ్లీ వెతకండి, ఏ మూల నొక్కితే వెలుగు తిరిగొచ్చిందో బోర్డు ఫొటో మీద గుర్తుపెట్టి నాకు పంపండి.